సెసీలియాను కవయిత్రి అనకండి

పోయినేడాది ఒక సాహిత్య సభకి పిలిచారు. ఊరూ సంస్థా ఎందుకులెండి. పొద్దున పదింటికి "కవిత్వం – కాలం", పదకొండున్నరకి "కవిత్వం – రాజకీయం", తర్వాత భోజనాలు. ఆ భోజనాలయ్యాక, గోంగూర పప్పూ పెరుగన్నం కడుపులో సర్దుకుని సగం మందికి కళ్ళు మూతలు పడుతున్న టైంలో "కవయిత్రుల సదస్సు". ఐదుగురం ఆడవాళ్ళం అందులో ఉన్నాం. నేను మాట్లాడాల్సింది బ్రెజిల్‌కి చెందిన సెసీలియా మెయిరెలెస్ గురించి. మైకు దగ్గరికి వెళ్తుంటే నిర్వాహకుల్లో ఒక పెద్దాయన, మంచి మనిషే, పక్కకొచ్చి మెల్లిగా చెప్పారు: "అమ్మా, టైం తక్కువుంది. ఆవిడవి సున్నితంగా ఉండేవి ఓ రెండు చదివేసి ముగించండి. రాజకీయాలు పొద్దునే అయిపోయాయి కదా."

నా చేతిలో ఉన్న ఆరు కాగితాల్లో నాలుగు రాజకీయాలే. నోరు పెగల్లేదు. ఆయన చెప్పినట్టే రెండు కవితలు చదివి దిగిపోయాను. చప్పట్లు బాగానే కొట్టారు. "ఎంత ఆర్ద్రంగా ఉన్నాయండీ" అని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. ఇంటికొచ్చి బ్యాగులోంచి ఆ నాలుగు కాగితాలూ తీస్తుంటే నామీద నాకే మండుకొచ్చింది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

నేను అడిగేది చిన్న విషయం. ఆమెను కవయిత్రి అనకండి, కవి అనండి. "మాటలో ఏముందండీ, గౌరవంగానే అంటున్నాం కదా" అంటారని తెలుసు. మాటలోనే ఉంది. ఎందుకో ఆమె కవితతోనే మొదలుపెడతాను.

"కారణం" అని ఆమెకి ఒక చిన్న కవిత ఉంది. బ్రెజిల్‌లో బడికెళ్ళిన చాలామందికి అది నోటికొచ్చు. తను ఎందుకు పాడుతోందో చెప్పే కవిత. ఈ క్షణం అంటూ ఒకటి ఉంది కాబట్టి పాడుతున్నాను అని మొదలుపెట్టి, సంతోషమూ కాదు దుఃఖమూ కాదు అంటూ వచ్చి, మొదటి చరణం చివర ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: కవిని. పోర్చుగీసులో రాసేది ఆడమనిషైతే వాడటానికి వేరే మాట ఉంది, పొయెటీజా. అచ్చం మన కవయిత్రి లాంటిదే. అప్పటి పత్రికలకి అది మామూలు వాడుక. సెసీలియా ఆ మాట ముట్టుకోలేదు. పొయేటా అంది.

ప్రాస కోసం అలా అని ఉంటుంది అనొచ్చు ఎవరైనా. నిజమే, రెండు పంక్తుల ముందు "కొంప్లేటా" ఉంది, దానికి పొయేటా అతికినట్టు సరిపోతుంది. చివరి చరణంలో ఏదో ఒకరోజు తను మూగబోతానని చెప్పేటప్పుడు కూడా పుంలింగ రూపమే వాడింది, అక్కడా ప్రాస ఉంది. ఒప్పుకుంటాను. కానీ రెండో చరణం చూడండి. పట్టుకోబోతే జారిపోయే వాటన్నిటికీ తను సోదరుణ్ణి అంటుంది. సోదరి కాదు, సోదరుడు. ఆ మాట పంక్తి మొదట్లో ఉంది. అక్కడ ప్రాస బెడద లేదు. పోర్చుగీసులో సోదరుడికీ సోదరికీ ఒకే కొలత, రెండేసి అక్షరాలు. సోదరి అని రాసినా ఛందస్సుకి వచ్చిన నష్టం ఏమీ లేదు. అయినా సోదరుడనే రాసింది. అంటే కావాలనే.

ఈ కవితని తెలుగులోకి తెద్దామని కూర్చున్నప్పుడు నాకు ఒక తమాషా ఎదురైంది. "పాడుతున్నాను" అంటే తెలుగులో పాడేది ఆడో మగో తెలీదు. "మూగనవుతాను" కూడా అంతే. ఆమె తన భాష వ్యాకరణంతో పేచీ పెట్టుకుని సాధించింది మనకి ఊరికే వచ్చేస్తోంది. సోదరుడు దగ్గర మాత్రం ఆగిపోయాను. నాలుగు రోజులు ఆగాను. తర్వాత ఒక సాయంత్రం బియ్యం కడుగుతుంటే తట్టింది, తోబుట్టువు. ఒకే కడుపున పుట్టినవాళ్ళు, అంతే. ఆడా మగా ఆ మాటలో లేదు. (వాడుకలో తోబుట్టువు అంటే ఎక్కువగా ఆడపడుచే గుర్తొస్తుందని మా అమ్మ అంది. అదీ నిజమే. నా నోట్‌బుక్కులో ఆ మాట పక్కన ఇంకా ప్రశ్నార్థకం అలాగే ఉంది.) ఇంత వీలున్న భాష మనది. మరి కవి పేరు దగ్గరికి వచ్చేసరికి "యిత్రి" తగిలించకపోతే ఊరుకోలేం. కవయిత్రి మొల్ల అంటాం. కవి పోతన అని మాత్రం ఎవరూ అనరు, పోతన అంటే చాలు.

నాకు పోర్చుగీసు ఎలా వచ్చిందని అడుగుతారు. చదువుకుని కాదు, ఉద్యోగం వల్ల. ఆరేళ్ళు సావోపావులో ఉన్న టీముతో పనిచేశాను. మన సాయంత్రం ఆరున్నర వాళ్ళకి పొద్దున పది. రోజూ కాల్. కాల్ మొదలయ్యే ముందు అందరూ వచ్చేదాకా కబుర్లు. ఒకరోజు అక్కడి సహోద్యోగి ఒకతను వాళ్ళ పాపకి బళ్ళో ఇచ్చిన పద్యం వినిపించాడు. కరొలీనా అనే పిల్ల మెడలో పగడాల హారంతో గుట్ట మీది స్తంభాల మధ్య పరిగెడుతుంటుంది. హారం కొలార్, పగడం కొరాల్, పరిగెత్తడం కొహి, స్తంభాలు కొలూనస్, గుట్ట కొలీనా. ఆ హారం రంగు సున్నంలా తెల్లగా ఉన్న మెడకి అంటుకుని పిల్ల బుగ్గలు ఎర్రబడతాయి. ఆ రంగు చూసిన సూర్యుడు పోయి గుట్ట మీది స్తంభాలకి పగడాల కిరీటాలు పెడతాడు. మొత్తం ఇంతే. గట్టిగా చదివితే నాలుక మీద గోళీలు దొర్లుతున్నట్టు ఉంటుంది. మనకి "కాకీక కాకికి కాక" ఉన్నట్టు. అయితే మనది నాలుకకి కసరత్తు, ఇందులో సాయంకాలపు ఎండ కూడా ఉంది. "ఎవరు రాశారు?" అన్నాను. "సెసీలియా" అన్నాడు, ఇంటిపేరు చెప్పకుండా, పక్కింటావిడ గురించి చెప్పినట్టు.

ఆ పద్యం ఉన్న పుస్తకం పేరుని "ఇదా, అదా" అనుకోవచ్చు. 1964లో వచ్చింది, ఆమె పోయిన ఏడాదే. పుస్తకానికి ఆ పేరు పెట్టిన పద్యంలో పిల్లవాడి గోల ఒకటే: డబ్బులు దాచుకుంటే మిఠాయి ఉండదు, మిఠాయి కొనుక్కుంటే డబ్బులుండవు, వాన ఉంటే ఎండ ఉండదు. ఎప్పుడూ ఇదో అదో. ఏది మంచిదో ఇప్పటికీ తేలలేదంటాడు. అరవై దాటిన మనిషి, క్యాన్సర్‌తో ఉన్న మనిషి వేసిన పుస్తకం అని తెలిశాక ఆ పద్యం ఇంకోలా వినిపించింది నాకు.

జీవితం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆమె గురించి రాసేవాళ్ళందరూ అక్కడే కూర్చుండిపోతారు. 1901 నవంబర్ 7న రియో డి జనీరోలో పుట్టింది. పుట్టడానికి మూడు నెలల ముందే తండ్రి పోయాడు. మూడేళ్ళు నిండకుండా తల్లి పోయింది. ఆమె బడిపంతులమ్మ. సెసీలియా కంటే ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ అప్పటికే పోయారు. పోర్చుగల్‌కి చెందిన అసోర్ దీవుల నుంచి వచ్చిన అమ్మమ్మ జసింటా పెంచింది. పెద్రీనా అనే ఆయా కథలు చెప్పింది. 1922లో పోర్చుగీసు చిత్రకారుడు ఫెర్నాండో కొరెయా దియస్‌ని పెళ్ళి చేసుకుంది, ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. 1935లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1940లో వ్యవసాయ శాస్త్రవేత్త ఎయితోర్ గ్రిలోతో రెండో పెళ్ళి. 1964 నవంబర్ 9న, అరవై మూడో పుట్టినరోజు దాటిన రెండో రోజున, రియోలోనే పోయింది.

ఇంత చావు చూసిన మనిషి కాబట్టి ఆమె కవిత్వమంతా కన్నీళ్ళు అని ఒక సిద్ధాంతం తయారైంది. నాకు ఒప్పుదల కాదు. చిన్నప్పటి ఈ చావులు తనకి కష్టం కంటే ఎక్కువగా చావుతో ఒక చనువు ఇచ్చాయన్నట్టు ఆమే మాట్లాడింది. ఒంటరితనం, నిశ్శబ్దం తన బాల్యానికి మేలు చేసిన రెండు సంగతులని చెప్పుకుంది. ఆ రోజు సభలో నేను చదివిన వాటిలో ఒకటి "చిత్తరువు". ఇప్పుడున్న ఈ మొహం ఇదివరకు నాది కాదు, ఇంత ప్రశాంతంగా ఇంత చిక్కిపోయి ఉండేది కాదు అని మొదలుపెట్టి, ఇంతకీ నా మొహం ఏ అద్దంలో పోయింది అని అడుగుతుంది. "ఆర్ద్రంగా ఉంది" అన్నది దీన్నే. నాకైతే అది ఏడుపులా వినపడదు. తాళంచెవులు ఏ బస్సులో మర్చిపోయానా అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్న మనిషి గొంతులా ఉంటుంది. కళ్ళు, పెదవి, చేతులు, వరసగా లెక్క చూసుకుంటోంది. లెక్క తేలడం లేదు. ఆమె చేసేది ఏడవడం కాదు, వెతకడం.

సభలో నేను చదవని నాలుగు కాగితాల సంగతి ఇప్పుడు.

1930 జూన్‌లో రియోలో దియారియో జి నొతీసియస్ అనే పత్రిక మొదలైంది. అందులో రోజూ చదువుల గురించి ఒక పేజీ. దాన్ని నడిపింది ఇరవై ఎనిమిదేళ్ళ సెసీలియా. 1917లో టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసింది, బళ్ళో పాఠాలు చెప్పింది, 1929లో సాహిత్యం అధ్యాపక పదవికి పోటీపడి సిద్ధాంత వ్యాసం రాసింది. ఆ ఉద్యోగం రాలేదు. అలాంటి మనిషి చేతికి రోజూ ఒక పేజీ దొరికింది. నాలుగు నెలలు తిరక్కుండానే 1930 అక్టోబర్ తిరుగుబాటు వచ్చి జెతూలియో వర్గస్ గద్దెనెక్కాడు. 1931 ఏప్రిల్‌లో సర్కారు బళ్ళలో మత బోధనని మళ్ళీ తెస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. దాని వెనకున్నది విద్యామంత్రి ఫ్రాన్సిస్కో కంపోస్. సెసీలియా ఆ ఇద్దరినీ వదల్లేదు. బడి అంటే అందరి పిల్లలూ ఒకచోట కూర్చునే జాగా, అక్కడికి మతం తెస్తే పిల్లల్ని విడదీసినట్టే అని తన పేజీలో వాదించింది. బడికి మతం ఉండకూడదు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదవాలి, చదువు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి అన్న 1932 నాటి "కొత్త చదువు" ప్రకటన మీద సంతకం చేసిన ఇరవై ఆరుగురిలో ఆమె ఒకరు. 1933 జనవరి దాకా ఆ పేజీ నడిపింది.

రోజూ అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. రోజూ ఒక పేజీ నింపాలి, అందులో ఆరోజు తన వ్యాఖ్య ఉండాలి, దాని మీద పేరు ఉంటుంది, మంత్రి చదువుతాడు. బ్లాగులో నెలకో పోస్టు రాయడానికే నాకు టెన్షన్. గాలి, సముద్రం, వెన్నెల గురించి రాసిన ఆ చెయ్యే ఈ పనీ చేసింది. రెండు చేతులు కాదు, రెండు మనసులూ కాదు. కవయిత్రుల సదస్సులో మాత్రం వెన్నెలకే టైం ఇస్తారు.

ఆ తర్వాత 1934లో రియోలోని బొటఫోగో సముద్ర తీరాన పెవిలియన్ మొరిస్కో అనే పాత భవనంలో పిల్లల గ్రంథాలయం పెట్టింది. బ్రెజిల్‌లో పిల్లల కోసమే పెట్టిన మొదటి గ్రంథాలయంగా దాన్ని చెప్పుకుంటారు. అప్పుడు నగరంలో విద్యాశాఖ చూస్తున్న అనీజియో టెషేరా అండ ఉంది. లోపల బొమ్మలూ అలంకరణా భర్త కొరెయా దియస్‌వి. మరుసటేడే ఆయన లేడు. మరో రెండేళ్ళకి, 1937లో, గ్రంథాలయమూ లేదు. వర్గస్ పూర్తి నియంత అయిన ఏడాది అది. మూయించడానికి చెప్పిన కారణం, అక్కడివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునేది, అందులో మార్క్ ట్వేన్ రాసిన టామ్ సాయర్ ఉందని, అది పిల్లలకి కమ్యూనిజం నేర్పే ప్రమాదకరమైన పుస్తకమని. కంచెకి సున్నం వేసే పని పక్కపిల్లలకి అంటగట్టి వాళ్ళ దగ్గరే గోళీలు వసూలు చేసినవాడు కమ్యూనిస్టు ఎలా అయ్యాడో నాకు అర్థం కాలేదు. నన్నడిగితే వాడు పచ్చి వ్యాపారి.

ఇక అకాడమీ. మాటలో ఏముంది అన్నవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవాలి. బ్రెజిల్ సాహిత్య అకాడమీ 1897లో పుట్టింది. సభ్యులు "బ్రెజిలియన్లు" అయ్యుండాలని నియమావళి చెప్పింది. ఆ మాట వ్యాకరణం ప్రకారం పుంలింగం. పోర్చుగీసులో పుంలింగ బహువచనంలో అందరూ వస్తారు, ఆడవాళ్ళతో సహా. 1930లో అమేలియా బెవిలాక్వా అనే రచయిత నేనూ పోటీలో ఉంటాను అని ఉత్తరం రాసింది. ఆమె భర్త క్లోవిస్ అకాడమీ వ్యవస్థాపకుల్లో ఒకడు. పెద్దలు కూర్చుని చర్చించి తేల్చారు: నియమావళిలో బ్రెజిలియన్లు అంటే మగవాళ్ళు మాత్రమే. పన్నులు కట్టమన్నప్పుడు ఆ పుంలింగంలో ఆడవాళ్ళూ ఉన్నారు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి లేకుండా పోయారు. 1977లో రాకెల్ జి కెరోజ్‌ని ఎన్నుకునేదాకా అక్కడ ఒక్క ఆడమనిషి లేదు.

ఇప్పుడు సెసీలియా రాసిన "సోదరుణ్ణి" మళ్ళీ చదవండి. మగవాళ్ళు తమకే అని గిరి గీసుకున్న పుంలింగంలోకి ఆమె అడగకుండా నడిచి వెళ్ళి కూర్చుంది. ఆ కవిత ఉన్న "ప్రయాణం" సంపుటికే అదే అకాడమీ 1938 సంవత్సరానికి ఒలావో బిలాక్ పేరుమీద ఉన్న కవితా బహుమతి ఇచ్చింది. పుస్తకం 1939లో లిస్బన్‌లో అచ్చయింది. 1910లో ఆమె ప్రాథమిక బడి ముగించినప్పుడు చదువంతా ప్రత్యేక ప్రశంసలతో పూర్తిచేసినందుకు బంగారు పతకం ఇచ్చిన బడుల ఇన్‌స్పెక్టరు ఎవరనుకున్నారు? ఆ ఒలావో బిలాకే. తొమ్మిదేళ్ళప్పుడు ఆయన చేతుల మీదుగా, ముప్పై ఏడేళ్ళప్పుడు ఆయన పేరుమీద. చనిపోయాక 1965లో అకాడమీ తన పెద్ద బహుమతి మషాదో జి అసిస్ కూడా ఇచ్చింది. పతకాలు ఎన్నైనా ఇచ్చారు కానీ, బతికున్నంతకాలం ఆ నియమావళిలో ఆమెకి కుర్చీ లేదు.

ఒక మాట ఎదురు వస్తుంది, దాన్ని దాటవేయను. 1979లో బ్రెజిల్ కవి ఆనా క్రిస్టీనా సెసర్ ఆడవాళ్ళ రచన మీద ఒక పదునైన వ్యాసం రాసింది. సెసీలియా, ఎన్రికెటా లిజ్బోవా, వీళ్ళిద్దరి చుట్టూ ఒక అచ్చు తయారైందని, ఆడవాళ్ళ కవిత్వం అంటే పల్చగా స్వచ్ఛంగా మేలిముసుగు వేసుకుని ఉండాలన్నది వీళ్ళతోనే ఖాయమైందని ఆమె ఫిర్యాదు. దేహం లేదు, చెమట లేదు, అంతా మంచు. నిజం చెప్పాలంటే ఆ వ్యాసం సారాంశం మొదటిసారి తెలుసుకున్నప్పుడు నా వాదన సగం కూలిపోయింది. సెసీలియా కవితల్లో వంటిల్లు దాదాపు కనపడదు. 1976లో మొదటి పుస్తకం వేసిన బ్రెజిల్ కవి ఆదేలియా ప్రాదో చేపలు తోమడం నుంచి దేవుడి దాకా అన్నీ రాసింది, ఆడమనిషి ఎన్ని మడతలైనా విప్పుకోగలదని ఛాతీ విరుచుకుని చెప్పింది. ఆమె పక్కన పెడితే సెసీలియా నేల మీద కాళ్ళు ఆననిచ్చేది కాదు.

అయినా నేను పూర్తిగా ఒప్పుకోను. కవి అనిపించుకోవడం కోసం ఆడతనాన్ని దాచుకుంది అనే మాటలో సగమే నిజం. ఆ మంచు అచ్చుని తయారుచేసింది ఎవరు? ఆమె రాసినదంతా చదివినవాళ్ళు కాదు, సున్నితమైనవి రెండు ఏరుకున్నవాళ్ళు. 1926 నుంచి 1934 దాకా రియోలోని నల్లవాళ్ళ సాంబా, బతూకి, మకుంబా ఆటపాటల్నీ పూజల్నీ, బయానా స్త్రీల గౌన్లనీ తలపాగాలనీ ఆమె స్వయంగా బొమ్మలు గీసింది. 1933లో ప్రదర్శనకి పెట్టింది. ఆ పూజల మీద పోలీసులు దాడులు చేస్తున్న కాలం అది. ఆ బొమ్మల్లో దేహం ఉంది, చెమటా ఉంది. అవి ఎవరి సంకలనంలోకీ ఎక్కలేదు, కవిత్వం కాదుగా మరి.

ఇంకా పెద్ద రుజువు 1953లో వచ్చింది. విల్లా రికా అనే పాత బంగారు గనుల ఊరు, ఇప్పటి ఔరో ప్రెతో. పత్రిక పనిమీద, ఈస్టర్ ముందు వారం ఉత్సవాల గురించి రాయడానికి వెళ్ళింది. ఆ వీధుల్లో 1789 నాటి కుట్ర ఆమెని పట్టుకుంది. బంగారం మీద పోర్చుగల్ రాణి బాకీ పన్ను బలవంతంగా వసూలు చేయిస్తుందని భయపడి, సైనికాధికారులు, పాదిరీలు, లాయర్లు, ముగ్గురు కవులు కలిసి స్వాతంత్ర్యం గురించి గుసగుసలాడుకున్నారు. వాళ్ళలోనే ఒకడు, అప్పుల్లో మునిగినవాడు, పట్టించాడు. కవి క్లౌదియో మనోయెల్ ద కోస్టా జైల్లో శవమై తేలాడు. కవి గొంజాగాను మొజాంబిక్‌కి పంపేశారు. ఉరి పడింది మాత్రం ఒక్కడికే, డబ్బూ హోదా లేని సైనికుడికి. పళ్ళు కూడా పీకేవాడు కాబట్టి తిరదెంచిస్, పళ్ళు పీకేవాడు, అని పిలిచేవాళ్ళు. 1792 ఏప్రిల్ 21న ఉరితీసి, శరీరాన్ని ముక్కలు చేసి, తలని విల్లా రికాలో గుంజకి పెట్టారు. బ్రెజిల్‌కి ఇవాళ్టికీ ఆరోజు సెలవు.

సెసీలియా ఏళ్ళ తరబడి ఆ కాగితాలన్నీ తిరగేసి 85 గాథలుగా రాసింది. "కుట్ర గాథామాలిక" అందాం. మన బుర్రకథకి పక్కన పెట్టదగిన పాత జానపద ఛందస్సు అది. అందులో గనుల్లోని బానిసలున్నారు, గుర్రాలున్నాయి, సాక్షి సంతకాలున్నాయి, రాణి పిచ్చి ఉంది. స్వేచ్ఛ అనే మాట గురించి అందులో ఒక పంక్తుల గుత్తి వస్తుంది: దాన్ని విప్పి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు, అర్థం కానివాళ్ళూ ఎవరూ లేరు. బ్రెజిల్‌లో ఆ ముక్క ఎన్ని గోడల మీదకి ఎక్కిందో. ఇది రాసిన మనిషిని మధ్యాహ్నం రెండున్నర సదస్సులో వేశాం.

మనదేశంతో ఆమె చుట్టరికం చెప్పకపోతే బాగుండదు. టాగోర్‌ని, గాంధీని ఎన్నో ఏళ్ళుగా చదువుకుంది. టాగోర్ నాటకం "పోస్టాఫీసు"ని పోర్చుగీసులోకి తెచ్చింది. 1948లో గాంధీ హత్య మీద స్మృతి గీతం రాసింది. 1953 మొదట్లో ఢిల్లీలో గాంధీ ఆలోచనల మీద జరిగిన సదస్సుకి పిలిస్తే వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. సదస్సు అయ్యాక తిరిగి వెళ్ళిపోకుండా ఊళ్ళు తిరిగింది. ఆ కవితలు 1961లో పుస్తకంగా వచ్చాయి. దాని పేరు "భారతదేశంలో రాసిన కవితలు". భారతదేశం గురించి అని కాదు, భారతదేశంలో అని. ఆ చివరి ప్రత్యయంలోనే ఆమె మర్యాద అంతా ఉంది. తాజ్‌మహల్ ఉంది సరే. దాంతోపాటు పేదరికం, ధూళి, చిన్న గాడిదలు, బెంగళూరు పొద్దు, పూరీ ఆడవాళ్ళు. విషయసూచిక మీద వేలు పెట్టి కిందికి దిగుతుంటే ఒకచోట ఆగిపోయాను: "హైదరాబాద్‌లో గుడ్డివాడు". 1953 హైదరాబాద్. బ్రెజిల్ వాళ్ళు మన ఊరి పేరు పలికితే మొదటి హకారం ఎగిరిపోతుంది, చివరి దకారం జకారమవుతుంది. మా సావోపావు సహోద్యోగి చేత ఆ శీర్షిక చదివించుకున్నాను. "ఐదెరబాజి" అన్నాడు. నేను అరవై ఏళ్ళు వెనక్కి పోయి చార్మినార్ దగ్గర ఒక విదేశీ ఆవిడ ఆగి, ఆ మనిషినే చూస్తూ నిలబడటం ఊహించుకున్నాను. ఆమె ఎక్కడ ఆగిందో నాకు తెలీదు, చార్మినార్ నా కల్పన.

హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడుకీ మనం ఇదే చేశాం. భారత కోకిల అన్నాం. 1925లో కాంగ్రెస్ అధ్యక్షురాలు, 1930లో ధారాసన ఉప్పు సత్యాగ్రహంలో లాఠీల ముందు నిలబడింది, 1947లో గవర్నర్. చిన్నప్పుడు మా బడి గోడ మీది పటం కింద ఉన్నది మాత్రం కోకిల అనే. లాఠీ ముందు నిలబడిన కోకిలని నేను ఎక్కడా వినలేదు.

పోర్చుగల్ ముచ్చట ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను, దీనికీ నా వాదనకీ సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేక. 1934లో లిస్బన్ వెళ్ళినప్పుడు కవి ఫెర్నాండో పెసోవాని కలవాలని ఒక కాఫీ హోటల్లో గంటల తరబడి ఎదురుచూసిందట. ఆయన రాలేదు. తిరిగి బసకి వచ్చేసరికి ఆయన సంతకంతో ఒక పుస్తకం, చీటీ. ఆరోజు ఇద్దరి జాతకాలూ కుదరలేదు కాబట్టి కలవకూడదని తేలిందట. మా పెద్దనాన్న కూడా పెళ్ళిచూపులకి ఇలాగే ఎగ్గొట్టేవాడు.

1989లో బ్రెజిల్ ప్రభుత్వం ఆమె బొమ్మని 100 క్రుజాదో నోవో నోటు మీద వేసింది. ధరలు పొద్దునకీ సాయంత్రానికీ మారిపోతున్న రోజులు. మరుసటేడు ఆ కరెన్సీయే పోయింది, అవే నోట్ల మీద కొత్త పేరు ముద్ర కొట్టి వాడారు. జారిపోయే వాటికి తోబుట్టువునని చెప్పుకున్న మనిషికి అంతకంటే తగిన కాగితం దొరకదు. ఆ నోటు ఒకటి మా సహోద్యోగి పోస్టులో పంపాడు. పల్చని కాగితం. బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టాను.

ఈ ఏడాది ఇంకో చిన్న సభ. ఈసారి మేమే, నలుగురం స్నేహితులం, అద్దెకి ఒక హాలు తీసుకుని పెట్టుకున్నాం. పొద్దున పదింటికే పెట్టాం, భోజనాలకి ముందు. ఫ్లెక్సీ కొట్టించడానికి వెళ్ళాను. నోటు మీది బొమ్మ కాకుండా ఆమె మంచి ఫోటో ఒకటి ఇచ్చి కింద "కవి సెసీలియా మెయిరెలెస్" అని రాయమన్నాను. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు టైపు చేసి, ఆగి, నావైపు తిరిగాడు. "మేడమ్, ఆడవాళ్ళ ఫోటో పెట్టి కవి అంటే మేమే తప్పు కొట్టామనుకుంటారు. యిత్రి పెట్టనా? ఎక్స్‌ట్రా ఏం తీసుకోను." వద్దన్నాను. భుజాలెగరేసి ప్రింటు కొట్టాడు.

సభ రోజు ఆరు కాగితాలూ చదివాను. పేజీ, గ్రంథాలయం, అకాడమీ, ఉరితాడు, గుడ్డివాడు, అన్నీ. నలభై మంది వచ్చారు. అయిపోయాక ఫ్లెక్సీ ముందు నిలబడి ఆమె ఫోటోనే చూస్తున్నారు ఒక రిటైర్డ్ మాస్టారు, ఆలస్యంగా వచ్చారనుకుంటా. నేను దగ్గరికి వెళ్తే అడిగారు, "బాగా రాసినట్టున్నారమ్మా ఈ మెయిరెలెస్ గారు. ఈ ఫోటోలో ఉన్నది వారి శ్రీమతిగారా?"

"కాదండీ, కవిగారే" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పైపంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.